కొత్త రైడర్‌కి తోడు వెళ్తే ముందు తగ్గాల్సింది మన వేగం

బండి నడిపేవాళ్ళలో ఒక మంచి గుణం ఉంది. రోడ్డు పక్కన బండి ఆపుకుని ఎవరైనా దిక్కులు చూస్తుంటే, ముక్కూ మొహం తెలియకపోయినా ఇంకో బండి వచ్చి ఆగుతుంది. "ఏమైంది అన్నా, పెట్రోలు అయిపోయిందా?" అని అడుగుతూనే సీటు కింద నుంచి టూల్ కిట్ బయటికి తీస్తారు. ఎండైనా వానైనా రైడర్లందరి ఒంటికీ ఒకేలా తగులుతుంది, పడితే దెబ్బా ఒకేలా తగులుతుంది. అందుకే ఒకళ్ళ కష్టం ఇంకొకళ్ళకి చెప్పకుండానే తెలుస్తుంది.

కొత్తగా బండి పట్టినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఈ మంచితనం చాలాసార్లు గురి తప్పుతుంది. "మాతో వచ్చెయ్, నాలుగు రైడ్లు తిరిగితే అదే వస్తుంది" అని పిలుస్తారు. పిలుపులో ప్రేమ నిజమే. కానీ అరగంట గడవకుండానే ఆ కొత్త మనిషి ఎక్కడో వెనకపడి, తనకి అలవాటు లేని వేగంలో, ముందు బండి లైటు కనిపించకపోతే దారి తప్పుతానేమోనన్న భయంతో మలుపులు తిప్పుతుంటాడు. కొత్తవాళ్ళకి మనం ఇవ్వగలిగిన వాటన్నిటిలో విలువైనది మన వేగాన్ని వదులుకోవడం. టూల్సూ, జాకెట్లూ, సలహాలూ ఆ తర్వాతే.

స్నేహితులు బండి నేర్పడం గురించి ఒక పాత లెక్క ఉంది, అది నేర్పేవాళ్ళందరికీ తెలిసి ఉండాలి. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్ సైకిల్ ప్రమాదాలను, జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించింది. 1981లో వచ్చిన ఆ నివేదికని హర్ట్ రిపోర్ట్ అంటారు. ప్రమాదానికి గురైన రైడర్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్ళే. శిక్షణ ప్రమాదాలను తగ్గిస్తుందని కూడా అందులోనే తేల్చారు. ఇంకో సంగతి: వాళ్ళకి రోడ్డు మీద మొత్తం అనుభవం దాదాపు 3 ఏళ్ళు ఉన్నా, సగానికి పైగా మందికి ప్రమాదం జరిగిన ఆ బండి మీద అనుభవం మాత్రం 5 నెలల లోపే.

దీన్నిబట్టి రెండు పనులు చెయ్యొచ్చు. అందుబాటులో మంచి ట్రైనింగ్ క్లాసు ఉంటే కొత్త మనిషిని అక్కడ చేర్పించండి, వీలైతే మీరూ వెంట వెళ్ళండి. అమెరికాలో మోటార్ సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ 1973 నుంచి ఉంది, ఇలాంటి సంస్థలు చాలా దేశాల్లో ఉన్నాయి. క్లాసులో చెప్పింది చేతికి ఎక్కేదాకా దగ్గరుండి సాధన చేయించడం మన వంతు. రెండోది, "నా బండి ఒక రౌండు వేసి చూడు" అని బరువైన బండి తాళం కొత్తవాళ్ళ చేతిలో పెట్టకండి. ఇచ్చేవాళ్ళకి అది ఆప్యాయతే. కానీ తెలియని బండి మీద అనుభవజ్ఞుడు కూడా కొన్ని నెలలు కొత్తవాడే అని పైన చెప్పిన రెండో లెక్క అంటోంది.

ముందు బండిని మనిషికి సరిచెయ్యండి

షోరూమ్ నుంచి వచ్చిన బండిలో లివర్లూ అద్దాలూ ఎలా వచ్చాయో అలాగే వదిలేసి నెలల తరబడి నడిపేవాళ్ళున్నారు. కొత్తవాళ్ళకి అవి జరపొచ్చన్న సంగతే తెలియదు. పది నిమిషాలు పట్టే ఈ పని వంద సలహాల పెట్టు.

మనిషిని సీటు మీద కూర్చోబెట్టి, మామూలుగా నడిపేటప్పుడు ఎలా ఉంటారో అలా చేతులు చాపమనండి. క్లచ్, బ్రేక్ లివర్ల మీద వేళ్ళు పెట్టినప్పుడు మోచేతి నుంచి వేళ్ళ దాకా ఒకే వరసలో ఉండాలి. మణికట్టు పైకి వంగిందంటే లివరు మరీ పైకి ఉన్నట్టు. లివరు బ్రాకెట్ బోల్టులు కాస్త వదులు చేసి కిందికి తిప్పి బిగించండి. మరీ కసిగా బిగించొద్దు. మామూలు పట్టుకి కదలకుండా, గట్టిగా గుద్దుకుంటే హ్యాండిల్ మీద తిరిగేలా ఉంటే, బండి పడినప్పుడు లివరు విరక్కుండా పక్కకి తిరుగుతుంది.

తర్వాత క్లచ్ కేబుల్. లివరు చివర దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట, అంటే కేబుల్ లాగడం మొదలయ్యేలోపు లివరు ఖాళీగా కదిలే దూరం, ఉండాలని చాలా బండ్ల మాన్యువల్ చెబుతుంది. ఆట అసలు లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టుకోక జారుతుంది, ప్లేట్లు అరిగిపోతాయి. ఆట ఎక్కువైతే లివరు మొత్తం నొక్కినా క్లచ్ పూర్తిగా విడవదు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడదు, గేరు వేస్తే బండి ముందుకు గుంజుతుంది. కొత్తవాళ్ళు చాలామంది ఈ తప్పుని తమ మీదే వేసుకుంటారు. "నాకింకా న్యూట్రల్ వెయ్యడం రావట్లేదు" అని ఎవరైనా అంటే, ముందు కేబుల్ చూడండి.

చైను: కింది వైపు, రెండు స్ప్రాకెట్ల (చైను ఎక్కే పళ్ళ చక్రాల) మధ్య సరిగ్గా సగం దగ్గర వేలితో పైకీ కిందికీ కదపాలి. రోడ్డు బండ్లలో సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు కదలాలి. మీ బండి అంకె స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీ) మీది స్టిక్కర్లోనో మాన్యువల్లోనో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి, ఎందుకంటే చైను అంతటా ఒకేలా సాగదు. అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోటు చూసి సరిచెయ్యాలి. ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. బండి సెంటర్ స్టాండ్ మీద పెట్టి, గేరులో ఇంజన్ తిరుగుతుండగా గుడ్డతో చైను తుడవబోయి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఈ ఒక్క మాట మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తప్పు లేదు.

టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కొత్త టైరు అయితే మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా నడపమనండి. పైపొర ఇంకా నున్నగా ఉంటుంది, మలుపులో జారే అవకాశం ఎక్కువ.

హాఫ్ క్లచ్: సగం భయం పోయేది ఇక్కడే

కనీసం 50, 60 మీటర్ల పొడవున్న చదునైన ఖాళీ స్థలం చూడండి. మట్టీ గులకరాళ్ళూ లేని చోటు అయితే మంచిది. ఒక విషయంలో మాత్రం రాజీ వద్దు: వెనక సీటు మీద కూర్చుని నేర్పకండి. వెనక ఇంకో మనిషి బరువు పడితే ముందు చక్రం తేలికవుతుంది, బండి తూగే తీరు మారిపోతుంది, పడితే ఇద్దరూ పడతారు. అలా నేర్చుకున్న మనిషి ఒంటరిగా ఎక్కిన రోజు మళ్ళీ మొదటికి వస్తాడు. బండి ముందు కూడా నిలబడకండి. కంగారులో థ్రాటిల్ (ఎక్సలరేటర్) తిరిగితే మొదట గుద్దేది మిమ్మల్నే. పక్కన, రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడండి.

మొదట ఇంజన్ ఆపే ఉంచి, బండిని నడిపించుకుంటూ అటూ ఇటూ తిప్పనివ్వండి. బరువు ఏ కోణంలో చేతుల మీదికి వస్తుందో అప్పుడు తెలుస్తుంది. తర్వాత స్టార్ట్ చేసి, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్‌ని పిసరంత పిసరంత వదలమనండి. ఒక చోట ఇంజన్ శబ్దం కాస్త దిగుతుంది, బండి ముందుకు కదలబోతున్నట్టు ఒళ్ళు విరుచుకుంటుంది. అక్కడ ఆపి, మళ్ళీ పూర్తిగా నొక్కాలి. కాళ్ళు ఎత్తకుండా ఇదే ఇరవై సార్లు. విసుగ్గా ఉన్నా సరే. హాఫ్ క్లచ్ అంటే ఇదే. ఈ పట్టు దొరికే చోటు వేళ్ళకి గుర్తుండిపోయాక, రెండు మూడు మీటర్లు కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి ఆపడం, ఆ తర్వాత పాదాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి పది మీటర్లు వెళ్ళడం.

బండి ఆఫ్ అయిపోవడానికి కారణం ఎక్కువగా ఒక్కటే. బండి కదలగానే "అయ్యింది" అనుకుని మిగతా క్లచ్ టక్కున వదిలేస్తారు. అప్పటికి చక్రం వేగం ఇంజన్ వేగాన్ని అందుకోదు, ఇంజన్ గొంతు నొక్కినట్టయి ఆగిపోతుంది. దీనికి మందు: బండి కదిలాక కూడా, ఒక బండి పొడవు వెళ్ళేదాకా, అంటే దాదాపు 2 మీటర్లు, వేళ్ళని అక్కడే ఉంచమనండి. "నెమ్మదిగా వదులు" అని పదిసార్లు అనేకన్నా "ఆ గీత దాటేదాకా వదలకు" అని నేల మీద సుద్దతో గీత గీసి చూపిస్తే తొందరగా వస్తుంది.

పదిహేను ఇరవై నిమిషాలకి ఆపండి. ఎడమ ముంజేయి అలిసిపోయాక వేళ్ళలో ఆ సున్నితం ఉండదు, అంతవరకు వచ్చింది కూడా పోయినట్టనిపించి మనిషి డీలా పడతాడు. క్లచ్‌కి కూడా కాస్త చల్లారే వ్యవధి కావాలి. హెల్మెట్ లోపలున్న మనిషికి మన కేకలు సగమే వినిపిస్తాయి, వినిపించిన సగంలో కోపం మాత్రమే తెలుస్తుంది. ముందే మూడు చేతి సైగలు అనుకోండి: ఆపు, మళ్ళీ చెయ్యి, నా దగ్గరికి రా. అవి చాలు.

బ్రేకు, ఆ చివరి అడుగు

హర్ట్ రిపోర్ట్‌లో ఇంకో మాట ఉంది. ప్రమాద సమయంలో ఎక్కువమంది వెనక బ్రేకు గట్టిగా తొక్కి చక్రాన్ని జారనిచ్చారు, ముందు బ్రేకుని సరిగా వాడుకోలేదు. "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు" అని నేర్పిన పుణ్యం ఎక్కువగా ఇంట్లోవాళ్ళదీ స్నేహితులదే. బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకి వస్తుంది, కాబట్టి ఆపే శక్తిలో పెద్ద భాగం ముందు చక్రానిదే. పట్టే పద్ధతి తెలియాలి, అంతే. ముందు లివరు ఆట తీసి, కొంచెం నొక్కి, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు గొట్టాలు) దిగి టైరు నేలని గట్టిగా అదిమాక అప్పుడు ఇంకా నొక్కాలి. బరువు రాకముందే గభాలున పట్టేస్తే, ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేని బండిలో చక్రం బిగుసుకుని జారుతుంది. అలా జారితే లివరు వెంటనే వదిలి మళ్ళీ మెల్లగా నొక్కాలి. వెనక చక్రం జారి బండి అడ్డం తిరిగాక మాత్రం కాలు టక్కున తీయకూడదు. ఒక్కసారిగా పట్టు దొరికి బండి మనిషిని ఎగరేస్తుంది.

సాధన గంటకి 20, 25 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టండి. పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేస్తే 30 దగ్గర సుమారు 5 మీటర్లలో ఆగే బండికి 60 దగ్గర సుమారు 20 మీటర్లు పడుతుంది. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. పైగా 60లో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం, చెయ్యి లివరు మీదికి చేరేలోపే అది అయిపోతుంది. ఈ అంకెలు నోటితో చెప్పడం కన్నా అడుగులు లెక్కపెట్టి నేల మీద రాళ్ళు పెట్టి చూపించండి, బాగా ఎక్కుతుంది.

కొత్తవాళ్ళ బండ్లు పడేది ఎక్కువగా వేగంలో కాదు, ఆగిపోయే ఆఖరి అరమీటరులో. పార్కింగులో తిప్పుతూనో, మూల మీద ఆగబోతూనో, హ్యాండిల్ ఒక పక్కకి తిరిగి ఉండగా ముందు బ్రేకు పట్టేస్తారు. చక్రం ఆగిన క్షణంలో బండి బరువు మొత్తం హ్యాండిల్ తిరిగిన వైపుకి దొర్లుతుంది, కాలు అందే లోపే నేల మీద ఉంటుంది. ఆగే ముందు హ్యాండిల్ నిటారు చెయ్యడం, చివరి మీటరు వెనక బ్రేకుతోనే ఆపుకోవడం, చూపు చక్రం మీద కాకుండా ఎదురుగా ఉంచడం. ఈ మూడూ అలవాటయ్యేదాకా రోడ్డెక్కించొద్దు.

పడితే మొదట మనిషిని చూడండి. కీ ఆఫ్ చేసి, పెట్రోలు కారుతోందేమో చూసి, అప్పుడు బండి దగ్గరికి వెళ్ళండి. కుడి వైపు పడిన బండికి ముందుగా సైడ్ స్టాండ్ దించి, ఫస్ట్ గేరులో పెట్టాలి, లేకపోతే లేపాక ఎడమ వైపుకి దొర్లిపోతుంది. ఎత్తేటప్పుడు బండికి వీపు పెట్టి, సీటు అంచుకి నడుము కింది భాగం ఆనించి, ఒక చేత్తో కింద ఉన్న గ్రిప్పు, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రైల్ (సీటు వెనక పట్టుకునే కడ్డీ) పట్టుకుని, నడుము వంచకుండా కాళ్ళతో నెడుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వెయ్యాలి. ఇండికేటర్ పట్టుకుంటే విరుగుతుంది, సైలెన్సర్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. బండి ఎత్తే పద్ధతి వాళ్ళకే నేర్పండి. ప్రతిసారీ పరుగెత్తుకెళ్ళి మనమే ఎత్తేస్తే, ఒంటరిగా ఉన్న రోజు ఏం చేస్తారు? ఎత్తాక లివర్లు, ఆయిల్ మరకలు చూసి, థ్రాటిల్ తిప్పి వదిలితే తనంతట తాను వెనక్కి వస్తోందో లేదో చూడండి. వెంటనే ఎక్కించొద్దు. నీళ్ళు తాగి పావుగంట కూర్చుంటే చేతుల వణుకు తగ్గుతుంది.

గుంపులో కొత్తవాళ్ళు ఎక్కడ ఉండాలి

ముందు నడిపేవాళ్ళ వెనకే, రెండో స్థానంలో. చివర్లో పెడితే ఒత్తిడి ఉండదని చాలామంది అనుకుంటారు. నిజానికి గుంపులో అన్నిటికన్నా వేగంగా పోవాల్సి వచ్చేది చివరి బండే. లెక్క చూడండి. పది బండ్లు ఒక కూడలి దగ్గర ఆగి, ఒక్కొక్కటి 3 సెకన్ల తేడాతో కదిలాయనుకుందాం. ఆఖరి బండి 27 సెకన్లు వెనక ఉంటుంది. మామూలుగా ఉండాల్సిన ఎడం బండికి 1 సెకను చొప్పున 9 సెకన్లు. మిగిలిన 18 సెకన్లు గంటకి 60 వేగంలో 300 మీటర్లతో సమానం. ముందున్న బండ్లు 60లోనే వెళ్తుంటే, ఆఖరి మనిషి 80లో దాదాపు నిమిషం పాటు నడిపితే గానీ అందుకోలేడు. ప్రతి కూడలికీ ఇదే. అందుకే ముందు నడిపేవాళ్ళు కూడలి దాటాక, చివరి బండి అద్దంలో కనిపించేదాకా వేగం పెంచకూడదు.

గుంపు 5 నుంచి 7 బండ్లకి మించితే రెండుగా చీల్చండి. తిన్నటి రోడ్డు మీద ఒకరు లేన్‌లో రోడ్డు మధ్యకి దగ్గరగా, తర్వాతి వాళ్ళు అంచుకి దగ్గరగా, ఇలా మార్చి మార్చి నడవాలి. పక్క వరస బండికి 1 సెకను, సరిగ్గా మీ ముందున్న బండికి 2 సెకన్ల ఎడం తగ్గకూడదు. మలుపులు రాగానే ఒకే వరసలోకి రావాలి, ఎందుకంటే మలుపులో ప్రతి ఒక్కరికీ లేన్ మొత్తం కావాలి. కొత్తవాళ్ళు 3, 4 సెకన్లు వదులుకున్నా ఎవరూ ఆ ఖాళీలోకి దూరకూడదు.

కూడలి దగ్గర రెండో బండి ఆగి, చివరి బండి వచ్చేదాకా దారి చూపించే పద్ధతి చాలా గుంపుల్లో ఉంది. అనుభవం ఉన్నవాళ్ళకి అది బాగా పనిచేస్తుంది. కొత్త మనిషి రెండో స్థానంలో ఉంటే మాత్రం తెలియని కూడలిలో ఒంటరిగా నిలబడాల్సి వస్తుంది, ఆ తర్వాత చివర్లో చేరి అందుకోవాల్సి వస్తుంది. అలాంటి రోజు ఈ పద్ధతి మానేసి, దారి మారే ప్రతి చోటా ప్రతి ఒక్కరూ తన వెనక బండి కనిపించేదాకా ఆగాలనే నియమం పెట్టుకోండి. దారి మొత్తం, ఆగే చోట్లతో సహా, బయల్దేరే ముందే కొత్తవాళ్ళ ఫోనులో ఉండాలి. తప్పిపోయినా పర్లేదన్న ధైర్యం ఉంటే వాళ్ళు వెంటపడి తోలరు.

ప్రతి 60, 70 కిలోమీటర్లకి ఆగండి. పెట్రోలు ఎక్కడ పోయించాలో గుంపులో చిన్న ట్యాంకున్న బండిని బట్టి నిర్ణయించాలి. ఆగిన చోట ఇంకో చిన్న మర్యాద ఉంది: చివర వచ్చినవాళ్ళు హెల్మెట్ తీసి నీళ్ళు తాగుతుండగానే మిగతావాళ్ళు బండ్లు స్టార్ట్ చెయ్యకూడదు. వాళ్ళ విరామం వాళ్ళు వచ్చాకే మొదలవుతుంది.

ఎదురుపడిన రైడర్లకి పలకరింపు కూడా కొత్తవాళ్ళకి ఒక పరీక్షలా ఉంటుంది. కుడి వైపు నడిచే దేశాల్లో ఎడమ చెయ్యి కిందికి చాపుతారు. ఎడమ వైపు నడిచే చోట ఎదుటి బండి కుడి పక్క నుంచి వస్తుంది, కుడి చెయ్యేమో థ్రాటిల్ మీద ఉంటుంది, అందుకని తల ఊపితే సరిపోతుంది. ఫ్రాన్సులో దారి ఇచ్చినవాళ్ళకి కుడి కాలు చాపి ధన్యవాదం చెబుతారు. మలుపులోనో క్లచ్ పట్టుకునో ఉన్నప్పుడు బదులివ్వక్కర్లేదనీ, ఎవరూ ఏమీ అనుకోరనీ కొత్తవాళ్ళకి ముందే చెప్పండి. స్కూటర్ మీద వచ్చేవాళ్ళకీ తల ఊపండి, వాళ్ళకీ ఉన్నవి రెండు చక్రాలే.

రోడ్డు పక్కన ఆగినవాళ్ళ దగ్గర

వాళ్ళని దాటి కాస్త ముందుకెళ్ళి, రోడ్డు దిగి ఆపండి. ఇండికేటర్ ముందే వెయ్యండి. "బండి చచ్చిపోయింది" అని కొత్తవాళ్ళు అంటే టూల్ కిట్ విప్పేముందు ఇవి చూడాలి: ఇంజన్ ఆపే ఎర్ర కిల్ స్విచ్ పొరపాటున నొక్కుకుపోయిందా, పెట్రోలు ఉందా, ట్యాంకు కింద కుళాయి ఉన్న బండి అయితే రిజర్వుకి తిప్పారా. గేరు వెయ్యగానే ఆఫ్ అవుతుంటే సైడ్ స్టాండ్ పూర్తిగా మడవలేదన్నమాట, లేదా దాని స్విచ్‌లో బురద చేరి ఉంటుంది. సెల్ఫ్ నొక్కితే టక్ టక్ మని ఆగిపోతుంటే బ్యాటరీ టెర్మినల్ బోల్టు కదిపి చూడండి. కొత్త బండ్లలో కూడా అది వదులై ఉంటుంది. లైట్లూ హారనూ ఏదీ లేకపోతే మెయిన్ ఫ్యూజు. నెట్టి స్టార్ట్ చెయ్యాలంటే రెండో గేరు మంచిది. అయితే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో పంపూ కంప్యూటరూ నడిచేందుకు బ్యాటరీలో కొంచెమైనా చార్జి ఉండాలి, పూర్తిగా పోతే ఎంత నెట్టినా ఆయాసమే మిగులుతుంది.

ట్యూబ్‌లెస్ టైరు పంక్చర్ అయితే వేసే పనిలో సగం వాళ్ళ చేతే చేయించండి. మేకు ఏ వాలుగా దిగిందో చూసి, కటింగ్ ప్లేయర్‌తో అదే వాలున లాగాలి. ఆకురాయి లాంటి రీమర్‌ని అదే కోణంలో దించి కన్నం శుభ్రం చేసి, సొల్యూషన్ రాసిన స్ట్రిప్‌ని సూదికి ఎక్కించి, రెండు కొనలూ ఒక సెంటీమీటరు బయట మిగిలేలా నెట్టి, సూదిని ఒక్క ఊపున లాగెయ్యాలి. మెల్లగా లాగితే స్ట్రిప్ కూడా వెంట వచ్చేస్తుంది. మిగిలిన కొనలు కత్తిరించి, గాలి కొట్టి, సబ్బు నీళ్ళు వేసి బుడగలు చూడాలి. ఇది నేలకి ఆనే భాగానికే. పక్క గోడకి కన్నం పడితే టైరు మార్చాల్సిందే. ప్లగ్ వేసిన టైరు మీద 80 దాటకుండా వెళ్ళి, లోపలి నుంచి పరీక్ష చేయించుకోమని చెప్పండి. ఆగిపోయిన బండిని ఇంకో బండి మీద కూర్చుని కాలితో నెట్టుకుంటూ తీసుకెళ్ళడం మాత్రం వద్దు. కొత్త మనిషికి ఇంజన్ లేని బండిని అదుపు చెయ్యడమే కష్టం, వెనక నుంచి తోపు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది.

పడి దెబ్బ తగిలిన రైడర్ అయితే మొదట అటుగా వచ్చే వాహనాలని ఆపించండి, అంబులెన్స్ పిలవండి. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ లాగకండి, మెడకి దెబ్బ తగిలి ఉంటే ఆ లాగడమే ముప్పు.

పాత హెల్మెట్, పాత జాకెట్

జాకెట్, గ్లవ్స్ ఇవ్వండి, భుజాల దగ్గరా అరచేతి దగ్గరా కుట్లు గట్టిగా ఉంటే చాలు. మోచేతి ప్యాడ్ చేయి చాపినా ముడిచినా మోచేతి మీదే ఉండాలి. వదులు జాకెట్లో అది పక్కకి జారిపోతుంది, అప్పుడు ఉన్నా లేనట్టే. హెల్మెట్ విషయంలో మాత్రం చేతులు కట్టుకోండి. లోపలి తెల్లటి ఫోమ్ ఒకసారి నలిగితే మళ్ళీ ఉబ్బదు, పైన గీత కూడా కనిపించకపోవచ్చు. దాని చరిత్ర మీకు పూర్తిగా తెలియకపోయినా, అయిదేళ్ళు దాటినా ఇవ్వొద్దు. కొత్తది కొనేటప్పుడు వెంట వెళ్ళండి. పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పితే బుగ్గల చర్మం హెల్మెట్‌తో పాటు కదలాలి, పావుగంట ఉంచుకున్నా నుదుటి మీద ఒక్క చోట నొప్పి పుట్టకూడదు.

మాట దగ్గర జాగ్రత్త

రైడ్ అయ్యాక ముందు అడగండి: "ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది?" వాళ్ళు చెప్పిన ఒక్క దాని గురించే మాట్లాడండి. ఒక రోజుకి ఒక దిద్దుబాటు చాలు. పార్కింగులో "ఇటివ్వు, నేను తిప్పుతా" అని హ్యాండిల్ లాక్కోవడం మానెయ్యాలి, ఆడవాళ్ళు నడుపుతుంటే ఇది మరీ ఎక్కువ. వెనక గ్రాబ్ రైల్ పట్టుకుని లాగడంలో సాయం చెయ్యండి, హ్యాండిల్ వాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి. మలుపుల్లో బండిని తక్కువ వాల్చడం వల్ల టైరు అంచున అరగకుండా మిగిలిన పట్టీని చూపించి నవ్వేవాళ్ళకి అక్కడికక్కడే అడ్డు చెప్పండి. ఆ నవ్వు కోసం తర్వాతి మలుపులో అవసరానికి మించి వాల్చి పడినవాళ్ళకి ఆ నవ్వినవాళ్ళు ఆసుపత్రి ఖర్చు ఇవ్వరు.

నాలుగైదు రైడ్లు సాఫీగా నడిచాక, వాళ్ళకి తెలిసిన రోడ్డు మీద ముందు నడిపే పని ఇవ్వండి. ఆ రోజు మూడు బండ్లకి మించొద్దు, ట్రాఫిక్ తక్కువగా ఉండే వేళ చూడండి. వాళ్ళు గంటకి 45లో పోతే మీరూ 45లోనే, 3 సెకన్ల వెనక. హారన్ కొట్టొద్దు, అద్దం నిండా కనిపించేంత దగ్గరికి వెళ్ళొద్దు, రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా దాటిపోవద్దు.